పిలువని పురుడు

(గృహస్థుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)

పిల్లి తన కూనలను ఏడిళ్లు త్రిప్పుతుందని మన పెద్దలు చెప్పుకొనే మాట. ఆ ఏడిళ్లలో మన ఇల్లు ఎన్నవదో ఆ పిల్లికే తెలియవలెను. ఒకనాటి ఉదయము అటకమీది పాత బొంతల బుట్టలోనుండియో, మంచము క్రింది ట్రంకుపెట్టె వెనుకనుండియో, బీరువా అడుగు అరలోనుండియో సన్నని కీచుధ్వని వినవస్తుంది. ఎలుక కాబోలునని కఱ్ఱ పుచ్చుకొని వెళ్లిన గృహస్థునకు ఎలుకపాటి కూన ఒకటి, దానిని చుట్టుకొని పడుకొన్న తల్లి ఒకటి కనబడతాయి. ఇప్పుడేమి చేయవలెనన్నదే అప్పుడు ఇంటిల్లిపాదికీ తోచే ప్రశ్న.

ఇట్టి పురుడు మా ఇంట శ్రావణమాసములో వచ్చినది. ఆ పిల్లి మాది కాదు, ఎవరిదీ కాదు. పెరటిగోడ మీదుగా వచ్చి, మా అమ్మగారు పెట్టే పెరుగన్నము తిని, ఒక్కమారైనా వెనుదిరిగి చూడక వెళ్లిపోయేది. కొంచెము ఒళ్లు చేసినట్లు కనబడితే మా పెరుగన్నము దానికి వంటబట్టినదని సంతోషించినాము. పిల్లి చూలు సుమారు 63 నుండి 65 దినములు. అందులో మొదటి సగము పైకి ఏ గుర్తూ స్పష్టముగా కనబడదు. కడుపులో ఒక్కటే కూన ఉన్నచో చివరి వారములలో సైతము అంతగా తెలియదు. కనుక ముందుగా పోల్చుకొనలేకపోయినందుకు ఏ గృహిణియు నొచ్చుకొనవలసిన పని లేదు.

మొదటి దినము మనము చేయవలసినది బహు స్వల్పము. తల్లి నెమ్మదిగా ఉన్నదా, కూన పాలు త్రాగుతున్నదా అని దూరమునుండి చూచి, తలుపు దగ్గరగా వేసి రావలెను. బొడ్డుతాడు కొరుకుట, మావిని తినుట, కూనను నాకి ఆరబెట్టుట తల్లియే చేసుకొంటుంది. మావిని తినుట చూచి అసహ్యపడి లాగివేయరాదు. అది దాని ప్రకృతి. బొడ్డుముక్క ఎండి కొద్దిదినములలో దానంతట అదే రాలిపోతుంది. ఒక కూనకు, మరియొక కూనకు నడుమ అరగంటో గంటో పట్టుట సామాన్యము. తల్లి అంతకన్న ఎక్కువసేపు విశ్రమించుటయు కలదు. అయితే అది అరగంట సేపు బలముగా ముక్కుతున్నను ఏమియు రాకపోయినచో, లేక కూనయొక్క కొంతభాగము వెలికి వచ్చి నిలిచిపోయినచో, మరి చూస్తూ కూర్చుండరాదు. వెంటనే పశువైద్యుని పిలువవలెను.

మనిషి చేయి తగిలితే తల్లి కూనను ముట్టదనే మాట ఉన్నది. అది అపోహ. నిజము వేరొకటి: వచ్చిన బంధువులందరికీ బుట్ట మూత తీసి చూపించడము మొదలుపెడితే, ఇది క్షేమమైన తావు కాదని తల్లి నిశ్చయించుకొని కూనను నోట కరచుకొని పోతుంది. ఏడిళ్లు త్రిప్పడమనగా ఇదే. ఆ పోవుటలో మేడమీది రేకులకప్పు పైకి పోవచ్చును, వీధికాలువ ప్రక్కకు పోవచ్చును. మన వైష్ణవ ఆచార్యులు శరణాగతిని బోధించుటకు మార్జాలకిశోర న్యాయమని చెప్పినారు గదా. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లియే పట్టుకొంటుంది. మెడమీది వదులైన చర్మము తల్లిపళ్ల నడుమ చిక్కగానే కూన కాళ్లు ముడిచి చలనము మాని వ్రేలాడుతుంది. అది తల్లి విద్య. చూచి నేర్చుకొన్నామని మనము మెడపట్టి ఎత్తరాదు. అవసరము వచ్చినప్పుడు అరచేతిని పొట్టక్రిందికి పోనిచ్చి ఎత్తుకొనవలెను.

అప్పుడే పుట్టిన కూన బరువు దాదాపు 100 గ్రాములు. కన్నులు మూసికొని ఉంటాయి. చెవిరంధ్రములు కూడ మూసికొని ఉంటాయి. వాసన, స్పర్శ, వెచ్చదనము, ఈ మూటి సాయముననే అది తల్లి చనుమొనను వెదకుకొంటుంది. ఎదిగిన పిల్లి శరీరోష్ణము 38, 39 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. కూనకు మొదటి వారములో 36 డిగ్రీల ప్రాంతముననే ఉంటుంది. మనకు చలి వేసినప్పుడు వణుకు పుట్టి, ఆ వణుకువలననే కొంత వేడి జనిస్తుంది. కూనకు ఆ వణుకు కూడ ఇంకను రాదు. దాని వేడి అంతయు తల్లినుండియు, తోడబుట్టినవానినుండియు అరువు తెచ్చుకొన్నదే. నాలుగు కూనలున్నచోట తల్లి ఆహారమునకై వెళ్లినను అవి ఒకదానిమీద ఒకటి కుప్పగా పడి వెచ్చగా ఉంటాయి. ఒక్కటే పుట్టినదానికి ఆ ఆదరువు లేదు. ఏకైక సంతానము గనుక పాలకు లోటుండదు. ప్రమాదమంతయు చలిలో ఉన్నది.

ఈ సంగతి నాకు మూడవనాటి రాత్రి తెలియవచ్చినది. ఆ రాత్రి ముసురు పట్టినది. తల్లి లేచి వెళ్లేటప్పుడు చనుమొనను విడువక పట్టుకొన్న కూన దానితోపాటు ఈడ్వబడి బుట్ట వెలుపల పడినది కాబోలు. తెల్లవారుజామున ఉదయప్రసారమునకు బయలుదేరుతూ చూచేసరికి అది నాపరాతి బండలమీద పడియున్నది. ముట్టుకొంటే తడిబట్టవలె ఉన్నది. నోరు తెరచినది గాని శబ్దము వెలువడలేదు.

నా కేకకు అమ్మగారు లేచి వచ్చి, చూచి, లోపలికి వెళ్లి ఆవుపాలు గోరువెచ్చచేసి దూదివత్తి వేసుకొని వచ్చినారు. “ఆకలికి సొమ్మసిల్లినదిరా నాయనా, ముందు నాలుగు చుక్కలు పొయ్యి” అన్నారు. ఆ వత్తిని చూడగానే నా ఎనిమిదవయేటి సంగతి ఒకటి జ్ఞప్తికి వచ్చినది. అప్పుడును ఇట్లే ఒక కూన. ఇట్లే ఆవుపాలు, దూదివత్తి. పసిబిడ్డను పడుకోబెట్టినట్లు ఒడిలో వెల్లకిల పడుకోబెట్టి పాలు పిండినాను. ముక్కునుండి బుడగలు వచ్చినవి. సాయంకాలమునకు పోయినది. దాని ఆయువు అంతేనని పెద్దలు నన్ను ఓదార్చినారు. నేనును అట్లే అనుకొన్నాను, ఇన్నాళ్లు.

ఈసారి మా వీధిలోనే కాపురమున్న ఒక పశువైద్యునకు టెలిఫోను చేసినాను. ఆ వేళప్పుడు లేపినందుకు ఆయన విసుగుకొనలేదు. “ఆ పాలు ప్రక్కన పెట్టండి. ముందు కూనను వెచ్చచేయండి. చల్లబడిన కడుపులో పాలు పోస్తే అరగవండీ” అన్నారు. శరీరోష్ణము సుమారు 35 డిగ్రీలకు దిగువకు జారినప్పుడు కూనకు చప్పరించే శక్తి, మ్రింగే శక్తి సన్నగిల్లుతాయి. ప్రేగుల కదలిక మందగిస్తుంది. అప్పుడు పోసిన పాలు అరగక కడుపులోనే నిలిచి చెడుతాయి. లేదా త్రోవ తప్పి ఊపిరితిత్తులలో ప్రవేశిస్తాయి. వెల్లకిల పరుండబెట్టి పోసినచో త్రోవ తప్పుట మరింత సులభము. నా చిన్ననాటి కూనకు ఈ రెండును జరిగియుండవలెను.

వెచ్చచేయుటకు ఒక పద్ధతి ఉన్నది. వేడినీళ్లలో ముంచుట, పొయ్యిదగ్గర పెట్టుట, వేడిగాలి యంత్రము త్రిప్పుట పనికిరావు. హఠాత్తుగా తగిలే వేడి చలికన్న తక్కువ అపాయకరము కాదు. పొడి తువాలులో చుట్టి మన ఛాతీకి హత్తుకొనవలెను. లేదా గోరువెచ్చని నీటిసీసాకు మందముగా గుడ్డ చుట్టి బుట్టలో ఒక ప్రక్కనే పెట్టవలెను. రెండవ ప్రక్క ఖాళీగా ఉండవలెను. వేడి ఎక్కువైతే కూన అటు జరగగలదు. మాకు గంటకు పైగా పట్టినది. మొదట నా అరచేతిలో ఒక వెనుకకాలు కదలినది. కొంతసేపటికి ముట్టె పైకెత్తి అటూ ఇటూ త్రిప్పి వెదకుట ఆరంభించినది. అప్పటికి తల్లియు తిరిగివచ్చినది. దాని పొట్టదగ్గర చేర్చగానే కూన పాలు పట్టుకొన్నది. ఆనాటి ఉదయప్రసారమునకు నాకు బదులు ఒక మిత్రుడు వెళ్లవలసి వచ్చినది.

ఆవుపాల విషయము ఇంకొంచెము చెప్పవలెను. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలలో ఉన్నదానికి సుమారు రెట్టింపు. గేదెపాలు చిక్కనివైనను ఈ విషయమున సరితూగవు. పైగా ఆవుపాలవలన కూనలకు తరచుగా విరేచనములు పట్టుకొంటాయి. నూరు గ్రాముల శరీరమున ఎన్ని చుక్కల నీరున్నదని విరేచనములకు తట్టుకొనుట? తల్లి చనిపోయినను, దానికి పాలు పడకపోయినను పిల్లికూనలకని తయారుచేసిన పాలపొడి పశువుల మందులదుకాణములలో దొరుకుతుంది. దానిని పెట్టెమీద చెప్పిన కొలతలో కలిపి, కూనను బోర్లా ఉంచి, చిన్న పాలపీకతోనో సూదిలేని సిరంజితోనో రెండు మూడు గంటలకొకసారి చుక్కచుక్కగా ఇవ్వవలెను, రాత్రులు కూడ. మరియొక పనియు కలదు. సుమారు మూడు వారముల వరకు కూన తనంతట మలమూత్రములు విడువలేదు. తల్లి నాకినప్పుడే విడుస్తుంది. తల్లి లేనప్పుడు పాలిచ్చిన ప్రతిసారి గోరువెచ్చని నీట తడిపిన దూదితో మనమే ఆ భాగమును మెల్లగా తుడువవలెను. ఈ చాకిరి ఎంతటిదో తెలిసినచో, తల్లి నాలుగు గంటలసేపు కనబడనంత మాత్రమున కూనను ఎత్తుకొనివచ్చి పెంచుటకు ఎవరును తొందరపడరు. తల్లి ఆహారమునకై పోయి ఉండవచ్చును. కూన నిండుపొట్టతో నిశ్శబ్దముగా నిద్రించుచున్నచో దానికి తల్లి ఉన్నట్లే. ముఖ్యముగా మొదటి దినపు ముఱ్ఱుపాలలోని రోగనిరోధక పదార్థములను కూన ప్రేగులు పుట్టిన 16 గంటలవరకో, మహా అయితే ఒక దినము వరకో మాత్రమే గ్రహింపగలవు. ఆ పాలకు బదులు పాలపొడిలో లేదు.

కూన బాగున్నదా లేదా అన్నది కంటికి తెలియదు, త్రాసుకు తెలుస్తుంది. వంటయింటి చిన్న త్రాసు చాలును. దినమున కొకమారు, ఒకే వేళకు, తల్లి బయటికి వెళ్లినప్పుడు తూచి గోడపంచాంగముపై వ్రాసికొనవలెను. రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరుగుట మంచి లక్షణము. రెండు వారములకు పుట్టినబరువు రెట్టింపు కావలెను. మా కూన మూడవనాడు 104 గ్రాములు, చలిపట్టిన మరునాడు 103, ఐదవనాడు 115. ఆ 103 అంకెను చూచి అమ్మగారు ఆ దినమంతయు ఎవరితోను సరిగా మాట్లాడలేదు. ఒక దినము పెరుగకపోయినచో జాగ్రత్తపడవలెను. తగ్గినచో వైద్యుని సలహా తీసికొనవలెను.

ఇక తల్లి. పెరుగన్నము పిల్లికి ప్రీతి కావచ్చును గాని ఆహారము కాదు. పిల్లి కేవల మాంసాహారి. టారిన్ అనే పదార్థము దాని కంటికి, గుండెకు అత్యవసరము. అది మాంసములోను, చేపలోను ఉంటుంది, అన్నములో ఉండదు. పాలిచ్చే తల్లికి ఆహారము మామూలుకన్న రెండింతలు, కూనలు ఎక్కువైనప్పుడు అంతకు మించియు కావలసి ఉంటుంది. శాకాహార గృహములలో ఇది చిక్కే. మా ఇంట మాంసము రానీయరు. రెండు దినములు తర్జనభర్జనలు జరిగిన పిమ్మట, పొరుగింటివారు ఉడికించి ముళ్లు తీసి ఇచ్చే చేపముక్కలు పెరటిలో వేరే మట్టిమూకుటిలో పెట్టవచ్చునని అమ్మగారు అనుమతించినారు. “పురిటాలికి పథ్యము దాని కులాచారము ప్రకారమే పెట్టవలెను గదా” అన్నారు. అది వీలుకానివారు పిల్లులకని అమ్మే ఆహారము తెచ్చిపెట్టవచ్చును. అందులో కూనలకు ఉద్దేశించినది పాలిచ్చే తల్లికి మరింత మంచిది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన వంటకము మాత్రము పెట్టరాదు. అవి పిల్లి రక్తకణములను చెఱుస్తాయి. మంచినీళ్లు ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను.

పురుడైన తరువాత కొన్ని దినములు ఎఱుపు, గోధుమవన్నె స్రావము కనబడుట సహజము. అది దుర్గంధము కొట్టినను, తల్లి ఆహారము మానివేసినను, చన్ను ఒకటి గట్టిపడి వేడిగా ఉండి ముట్టనీయకపోయినను వైద్యము అవసరము. తల్లికి సామాన్యముగా ఎనిమిది చనుమొనలుంటాయి. కూన ఒక్కటే అయినప్పుడు రెండు మూటిని తప్ప ముట్టదు. మిగిలినవి కొద్దిదినములలో తగ్గిపోతాయి గాని ఆ దినములలో ఒక కన్ను వేసి ఉంచవలెను. తల్లి కాళ్లు బిగుసుకొని వణకినచో రక్తములో సున్నము తగ్గినదేమోనని అనుమానింపవలెను. అది గంటలలో ప్రాణము తీయగల స్థితి.

మన ఇండ్లలో శుభ్రతకొరకు వాడే వస్తువులే పిల్లికి విషములగుట చిత్రము. పురిటి వాసన పోవలెనని ఫినైలు వేసి కడుగుతాము. ఆ జాతి ద్రవములను విరిచి వెలికి పంపే శక్తి పిల్లి కాలేయమునకు చాల తక్కువ. తడినేలపై నడచిన పిల్లి పాదములు నాకికొంటుంది. విషము లోనికి పోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి ఆరనిస్తే చాలును. బట్టలలో వేసే కలరా ఉండలను ఆ అరలోనుండి తీసివేయవలెను. పురిటి తడికి చీమలు పట్టుట మన దేశమున నిజమైన ప్రమాదము. కన్ను తెరవని కూన చీమలనుండి తప్పించుకొనలేదు. దానికి చీమలమందు ఉపాయము కాదు. తడిసిన గుడ్డను వెంటనే మార్చుటయే ఉపాయము. కుక్కలకు గోమార్లకని పూసే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకము. కూనపై పురుగులు కనబడితే సన్నదువ్వెనతో దువ్వవలెను. తల్లికి జ్వరమని తోచి మన జ్వరపుమాత్ర ఇచ్చినవారు ఉన్నారు. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదు.

మాకు శ్రావణము కనుక చలి భయమైనది. ఇదే మే మాసములో బెజవాడలోనో రామగుండములోనో అయినచో కథ తలక్రిందులు. మొదటి వారములో కూన ఉన్నచోట 29 నుండి 32 డిగ్రీల వేడి ఉండవలెనని పుస్తకములు చెబుతాయి. అది చలిదేశములవారు దీపము వెలిగించి సాధించే వేడి. మన వేసవిలో రేకుల క్రింది అటక 40 డిగ్రీలు దాటుతుంది. తల్లి నోరు తెరచి రొప్పుతున్నను, కూన కాళ్లు చాపి విడిగా పడుకొని అదేపనిగా ఏడుస్తున్నను తావు మార్చవలెను. బుట్టను తల్లీబిడ్డలతోపాటే ఎత్తి, చీకటిగా, చల్లగా ఉండే మూలకు చేర్చి, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక కట్టవలెను. గండుపిల్లులు రాకుండ రాత్రివేళ ఆ కిటికీ మూసి ఉండవలెను. అవి పరాయి కూనలను చంపుట కలదు.

ఇవి గడిచినచో మిగిలినది ముచ్చటయే. ఏడవ దినమునకును పదునాలుగవ దినమునకును నడుమ కన్నులు విచ్చుకొంటాయి. అన్ని కూనలకు మొదట నీలికన్నులే; అసలు వన్నె తరువాత తేలుతుంది. మూడవ వారమున పాలపళ్లు, తూలుతూ నడక. నాలుగవ వారమున తల్లి మూకుటిలో మూతి పెడుతుంది. రెండవ వారమునకు ఏడవ వారమునకు నడుమ దినమునకు కొంతసేపు మనచేతులలో ఆడిన కూన జన్మాంతము మనిషిని నమ్ముతుంది. కరచుట ఎంతవరకో కూనలు తోబుట్టువులతో పోట్లాడి నేర్చుకొంటాయి. ఒంటరికూనకు ఆ పాఠశాల లేదు. కనుక అది మన వ్రేళ్లతో ఆడనీయరాదు, గుడ్డబంతి ఇవ్వవలెను. ఎనిమిది వారములు నిండనిదే తల్లినుండి వేరుచేయరాదు.

మన రక్షణయు ముఖ్యమే. వీధిపిల్లి కరచినను, గీరినను పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి రేబిస్ సూదిమందు విషయము అడుగవలెను. గర్భిణీస్త్రీలు పిల్లి మలమును శుభ్రము చేయరాదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి గర్భస్థశిశువుకు హాని చేయగలదు. అది అంటుకొనే స్థితికి వచ్చుటకు విడిచిన తరువాత కనీసము ఒక దినము పడుతుంది కనుక, ఇతరులు దినదినము తీసి పారవేస్తే భయము చాలవరకు తీరుతుంది. కూనకు నులిపురుగుల మందు మూడవ వారము ప్రాంతమున బరువునుబట్టి వైద్యుడే ఇస్తాడు. సూదిమందులు ఆరు, ఎనిమిది వారముల నడుమ ఆరంభము. రేబిస్ టీకా సుమారు 12 వారములకు.

మరియొకటి చాలమందికి తెలియదు. పాలిస్తున్నప్పుడే పిల్లి మరల చూలు కట్టగలదు. కూన పాలు మానగానే తల్లికి శస్త్రచికిత్స చేయించనిచో, రెండు నెలలలో అదే బుట్టకు అదే అతిథి రాగలదు. మా పిల్లికి తొమ్మిదవ వారమున చేయించినాము. పట్టి తీసికొని పోవుటకు గంపక్రింద చేప పెట్టి మూడు దినములు కాపువేయవలసి వచ్చినది.

అది ఇప్పుడు మునుపటివలెనే పెరటిగోడ మీదుగా వచ్చి, తిని, వెనుదిరిగి చూడక వెళ్లిపోతున్నది. కూన మాత్రము నిలిచిపోయినది. మా తండ్రిగారి నాటి వాల్వుల రేడియో ఒకటి ఇంకను పలుకుతున్నది. కొంతసేపు మ్రోగిన తరువాత దాని పైభాగము వెచ్చబడుతుంది. సాయంకాలపు వార్తలు మొదలుకాగానే కూన దానిపైకి ఎక్కి పడుకొంటున్నది.